వెబ్ చదివి రోజూ కొత్త సంగతులు నేర్చుకునే ప్రోగ్రాం: తెలుగులో మీరే తయారుచేసుకోండిలా

కంప్యూటరు తనంతట తానే తెలుగు పేజీలు చదివి, ఏ నది ఎక్కడ పుట్టిందో, ఏ ఊరు ఏ జిల్లాలో ఉందో రోజూ కొంత కొంత పోగేసుకునేలా చేయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆఖరి ఏడాది ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసేకన్నా మొత్తం పద్ధతి ఒకచోట పెడితే మేలనిపించింది.

చేయొచ్చు. మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క పాత సంగతి తెలిసి ఉండాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో నెల్ అనే ప్రోగ్రాంను నడపడం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ వెబ్ పేజీలు చదువుతూ సంగతులు కూడబెట్టడమే దాని పని. 123 వర్గాలు (అంటే పేర్ల రకాలు), 55 సంబంధాలు (అంటే రెండు పేర్ల మధ్య లంకెలు), ఒక్కో వర్గానికి 10 నుంచి 15 ఉదాహరణలు ఇచ్చి వదిలారు. 67 రోజుల్లో 2,42,000కు పైగా సంగతులు పోగేసింది. వాటిలో కొన్ని తీసి చూస్తే దాదాపు 74 శాతం సరైనవని తేలింది. అయితే ఆ పరుగును మూడు భాగాలు చేసి చూస్తే మొదటి భాగంలో 90 శాతం, రెండో భాగంలో 71, మూడో భాగంలో 57. రోజులు గడిచేకొద్దీ తప్పులు పెరిగాయి. మీ ప్రోగ్రాంకూ ఇదే జరుగుతుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా ఆ జారుడును ఆపడం గురించే రాశాను.

కావలసినవి

- 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, పైథాన్, ఎస్‌క్యూలైట్. వేరే డేటాబేస్ అక్కర్లేదు.
- తెలుగు వికీపీడియా డంప్ (పేజీలన్నీ కలిపి ఒకేసారి దించుకునే ఫైలు). ఇది ఉచితం, ఎప్పటికప్పుడు కొత్తది వస్తుంది.
- ఆర్ఎస్ఎస్ ఫీడ్ (కొత్త వార్తల జాబితాను ప్రోగ్రాంలు చదివేలా ఇచ్చే ఫైలు) ఇచ్చే తెలుగు వార్తా సైట్లు నాలుగైదు.
- ఒక నోటు పుస్తకం. వర్గాలు, మినహాయింపులు ముందు కాగితం మీద రాసుకోండి.
- రోజుకు పది నిమిషాలు. దీన్ని తప్పించుకునే దారి లేదు.

1. చిన్న రంగం ఎంచుకోండి

"తెలుగు వెబ్‌లో ఉన్నదంతా నేర్పిస్తాను" అని దిగితే వారంలో విసుగొచ్చి వదిలేస్తారు. ఇక్కడ నేను నదులు, ఊళ్లు, జిల్లాలు తీసుకుంటున్నాను. నిజమో కాదో మనకే తెలిసే రంగం అయితే తప్పు కనబడగానే పట్టుకోగలం. సినిమాలు, పంటలు, గుళ్లు, మీకు బాగా తెలిసింది ఏదైనా పరవాలేదు.

వర్గాలు మూడు: నది, ఊరు, జిల్లా. సంబంధాలు నాలుగు: ఊరు ఏ జిల్లాలో ఉంది, జిల్లా కేంద్రం ఏది, నది ఎక్కడ పుట్టింది, ఏ నదికి ఉపనది. మొదటి నెలకు ఇంతకు మించి వద్దు.

2. పాఠ్యం పోగేయండి

వికీపీడియాను పేజీ తర్వాత పేజీగా దించకండి. వాళ్ల సర్వర్ల మీద అనవసరపు భారం, మీకూ నెమ్మది. డంప్ ఒకేసారి దించుకోండి. వార్తా సైట్ల విషయంలో ముందు ఆ సైటు రోబోట్స్ ఫైలు తెరిచి ఏం చదవనిస్తున్నారో చూడండి. రెండు పేజీల మధ్య కనీసం ఐదారు సెకన్లు ఆగండి. పూర్తి వార్తను దాచిపెట్టుకోవద్దు. మీకు కావలసిన వాక్యం, పేజీ చిరునామా, చదివిన తేదీ చాలు.

యూనికోడ్‌కు ముందున్న అను ఫాంట్ల కాలపు పీడీఎఫ్‌ల జోలికి ప్రస్తుతం వెళ్లకండి. తెర మీద అందమైన తెలుగు కనిపిస్తుంది, కాపీ చేస్తే అర్థం లేని గుర్తుల పోగు వస్తుంది. అది వేరే యుద్ధం.

3. శుభ్రం చేయండి

చాలామంది ఈ మెట్టును అరగంటలో దాటేస్తారు, తర్వాత నెల రోజులు బాధపడతారు. నాలుగు పనులున్నాయి.

మొదటిది యూనికోడ్ రూపం. ఐత్వం గుర్తును ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. చూపుకు రెండూ ఒకటే, కంప్యూటరుకు వేరు వేరు మాటలు. పాఠ్యమంతటినీ, ముక్కలను ఒకే కోడ్‌గా కలిపే ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చండి. పొల్లు తర్వాత కంటికి కనబడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను పోల్చే సమయంలో తీసేయండి. లేకపోతే హైదరాబాద్‌లో ఒకటి, హైదరాబాద్లో ఒకటి అన్నట్టు ఒకే ఊరు రెండు ఊళ్లవుతుంది.

రెండోది వాక్యాలు విడగొట్టడం. చుక్క కనబడగానే వాక్యం అయిపోయిందనుకుంటే "కి.మీ." దగ్గరా, "డా." దగ్గరా, ఇంటిపేరు పొడి అక్షరాల దగ్గరా విరిగిపోతుంది. ఇలాంటివి ఒక వంద పోగేసి మినహాయింపుల జాబితా పెట్టుకోండి.

మూడోది విభక్తులు. "కాకినాడలో", "కాకినాడకు", "కాకినాడ నుంచి" మూడూ ఒకే ఊరని ప్రోగ్రాంకు తెలియాలి. సులువైన దారి, చివరి లో, కు, ని, తో లాంటివి కోసేయడం. గుడ్డిగా కోస్తే తణుకు కాస్తా "తణు" అవుతుంది, ఆదోని "ఆదో" అవుతుంది. బహువచనం అనుకుని లు తీసేస్తే ఒంగోలు "ఒంగో", కర్నూలు "కర్నూ" అయిపోతాయి. నేను వాడే నియమం ఒక్కటే: కోయగా మిగిలిన మాట మన పాఠ్యంలో వేరేచోట ఒంటరిగా కనిపిస్తేనే కోయాలి. "కాకినాడ" ఒంటరిగా వేల చోట్ల ఉంటుంది. "తణు" ఎక్కడా ఉండదు. ఈ ఒక్క పరీక్షతో ఎక్కువ తప్పులు పోతాయి. "కర్నూల్లో", "గుంటూర్లో" లాంటి రూపాలు దీనికి లొంగవు. వాటికి చేత్తో ఒక పట్టిక రాసుకోవాలి.

నాలుగోది మారుపేర్లు. హైదరాబాదు, హైదరాబాద్, విజయవాడ, బెజవాడ, తూర్పు గోదావరి, తూ.గో. ఇదీ పట్టికే.

4. ఉదాహరణలు ఇవ్వండి, కానివి కూడా ఇవ్వండి

నది వర్గానికి పది పన్నెండు పేర్లు చాలు: గోదావరి, కృష్ణా, పెన్నా, తుంగభద్ర, మంజీర, మూసీ, నాగావళి, వంశధార, ప్రాణహిత, ఇంద్రావతి. ఊళ్లకు, జిల్లాలకు కూడా అంతే.

అందరూ ఇక్కడితో ఆగిపోతారు. ఆగొద్దు. నెల్ ఎలా దారి తప్పిందో వినండి. బేకరీ తినుబండారాల వర్గంలోకి అది "ఇంటర్నెట్ కుకీలు" (వెబ్‌సైట్లు మన కంప్యూటర్లో దాచే చిన్న ఫైళ్లు) అనే మాటను చేర్చేసుకుంది, కుకీ అంటే బిస్కెట్టే కదా అని. తర్వాత "నా ఇంటర్నెట్ కుకీలను తొలగించాను" అనే వాక్యం చూసి, తొలగించేవన్నీ తినుబండారాలే అనుకుని, కంప్యూటరు ఫైళ్లను కూడా బేకరీలో పెట్టేసింది. చివరికి మనుషులు కూర్చుని సరిచేయాల్సి వచ్చింది.

మన భాషలో ఇదే కథ ఇంకోలా నడుస్తుంది. "గోదావరి పొంగింది", "కృష్ణా పొంగింది" అని చదివి, పొంగేది నది అని ప్రోగ్రాం నేర్చుకుంటుంది. మర్నాటికి నదుల జాబితాలో పాలు ఉంటాయి. ఆ మర్నాడు ఆనందం ఉంటుంది. నా మొదటి ప్రయత్నంలో ఈ రెండూ చూసి ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియక చాలాసేపు కోడ్‌లో వెతికాను. కోడ్‌లో తప్పేమీ లేదు. నది కానిది ఏదో నేను దానికి చెప్పనే లేదు.

కాబట్టి మీకు అక్కర్లేని వర్గాలు కూడా కొన్ని పెట్టండి: తినేవి, తాగేవి, భావాలు, మనుషుల పేర్లు, రైళ్లు, కంపెనీలు. ఒక్కోదానికి పదేసి ఉదాహరణలు. తర్వాత "ఇది ఒకటైతే అది కాదు" అనే నియమాలు రాయండి. తాగేది అయితే నది కాదు. భావం అయితే నది కాదు. సంబంధాలకు కూడా హద్దు పెట్టండి: ఉపనదికి రెండువైపులా నదులే ఉండాలి, జిల్లా కేంద్రానికి ఒకవైపు ఊరు, ఇంకోవైపు జిల్లా ఉండాలి. నెల్‌ను నిలబెట్టినవి కూడా ఈ రకం నియమాలే.

జాగ్రత్త: "కృష్ణా" నది పేరూ, జిల్లా పేరూ. "గోదావరి" నదీ, అదే పేరుతో ఎక్స్‌ప్రెస్ రైలూ ఉన్నాయి. కాబట్టి నియమం మాటకు కాకుండా ఆ మాట సూచించే వస్తువుకు వర్తించాలి. "కృష్ణా, నది", "కృష్ణా, జిల్లా" అని రెండు వేరు వరుసలుగా దాచండి. పక్కన జిల్లా, ఎక్స్‌ప్రెస్, సిమెంట్ లాంటి మాట ఉందేమో చూసి ఏ వరుసలో వేయాలో నిర్ణయించండి. ఊళ్ల సంగతి ఇంకా కష్టం. రామాపురాలు, కొత్తపల్లులు ఎన్ని ఉన్నాయో! ఊరి పేరొక్కదాన్నే గుర్తింపుగా వాడితే పది ఊళ్లు కలిసిపోతాయి. పేరు, మండలం కలిపి గుర్తింపుగా పెట్టండి. మండలం తెలియని రామాపురాన్ని పక్కన ఆపి ఉంచండి.

5. మూసలు వెతికించండి

మూస అంటే పేరు చుట్టూ ఉండే మాటల వరుస. 1998లో సెర్గీ బ్రిన్ ఐదే ఐదు పుస్తకాల పేర్లు, వాటి రచయితల పేర్లు ఇచ్చి, అవి కనిపించిన చోట్ల చుట్టూ ఉన్న మూసలు పట్టుకుని, ఆ మూసలతో కొత్త పుస్తకాలు వెతికి, చివరికి 15,000కు పైగా పుస్తకాలు రాబట్టాడు. మనం చేసేదీ అదే చక్రం: పేర్ల నుంచి మూసలు, మూసల నుంచి పేర్లు.

ఇంగ్లీషు కోసం రాసిన కోడ్ తెచ్చి పెడితే తెలుగులో సరిగా పనిచేయదు. ఇంగ్లీషులో ఎక్కువగా వర్గం పేరు ముందొచ్చి ఉదాహరణలు తర్వాత వస్తాయి. మనకు తిరగేసి ఉంటుంది: "కృష్ణా, గోదావరి, పెన్నా వంటి నదులు". వంటి, లాంటి, మొదలైన, అనే, అని పిలిచే ఇవన్నీ పేరు తర్వాతే వస్తాయి. కాబట్టి పేరుకు కుడివైపు నాలుగు మాటలు, ఎడమవైపు రెండు మాటలు తీసుకోండి.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి. తెలుగు వాక్యంలో అసలు సంగతి చివరి మాటలో ఉంటుంది. "హిందూపురం జిల్లా కేంద్రం" వరకు చూసి ప్రోగ్రాం సంబరపడిపోతుంది. మిగతా వాక్యం "చేయాలని ఆందోళన" అని ఉండొచ్చు. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాల విభజన సమయంలో ఇలాంటి వార్తలు కోకొల్లలు. హిందూపురం అడిగింది, శ్రీ సత్యసాయి జిల్లాకు కేంద్రం మాత్రం పుట్టపర్తి అయింది. కాబట్టి మూస దొరికాక వాక్యం చివరిదాకా చదివించండి. కాదు, లేదు, కాలేదు, కాబోదు, చేయాలని, కావాలని, అట, కాబోతోంది, చివర "ఆ" కలిసిన ప్రశ్న ("కేంద్రమా?" లాంటిది), వీటిలో ఏది కనిపించినా ఆ వాక్యాన్ని పక్కన పెట్టండి. దీనివల్ల కొన్ని మంచి వాక్యాలు కూడా పోతాయి. పోనివ్వండి. నిజమైన సంగతి ఇంకో పేజీలో మళ్లీ దొరుకుతుంది.

ప్రతి విడతలో ఒక్కో వర్గానికి ఐదారు కొత్త మూసలకు మించి ఒప్పుకోకండి. మూస మంచిదో కాదో చూడడానికి లెక్క సులువు: అది పట్టుకున్న పేర్లలో మనకు ముందే తెలిసిన నదులెన్ని, నది కాదని తెలిసినవెన్ని? కానివి రెండు కనబడినా ఆ మూసను తీసేయండి. "పొంగింది" ఇక్కడే పడిపోతుంది. "కు ఉపనది" నిలబడుతుంది. "ఒడ్డున" అనేది మధ్యరకం, చెరువులనూ సముద్రాన్నీ కూడా లాక్కొస్తుంది.

తెలుగు వికీపీడియాలో ఊళ్ల పేజీలు వేలకొద్దీ ఒకే అచ్చులో ఉంటాయి, "ఇది మండల కేంద్రమైన... నుండి... కి.మీ. దూరంలో" అంటూ. ఆ ఒక్క మూసతోనే మీ జాబితా నిండిపోతుంది. సంగతులు సరైనవే, కానీ ప్రోగ్రాం నేర్చుకున్నది ఒక అచ్చును మాత్రమే. వార్తల్లోని వాక్యాలు ఎదురైతే తెల్లమొహం వేస్తుంది. ఆ పేజీల నుంచి వచ్చే సంగతులు తీసుకోండి, మూసలు నేర్చుకోవడానికి మాత్రం వాటిలో యాభయ్యింటిని మించి చూపించకండి.

6. ఊహ వేరు, నమ్మకం వేరు

డేటాబేస్‌లో రెండు పట్టికలు ఉండాలి. ఏ మూసకైనా చిక్కిన ప్రతిదీ ముందు ఊహల పట్టికలోకి వెళ్తుంది. నమ్మకాల పట్టికలోకి ఎక్కడానికి మూడు షరతులు పెట్టండి: కనీసం రెండు వేరు మూసలకు చిక్కాలి, కనీసం రెండు వేరు సైట్లలో కనిపించాలి, నాలుగో మెట్టులోని ఏ నియమానికీ అడ్డు రాకూడదు.

"వేరు సైట్లు" అన్నచోట మోసపోకండి. ఒకే వార్తా సంస్థ పంపిన కథనం పది సైట్లలో అక్షరం మారకుండా వస్తుంది. వికీపీడియా వాక్యాన్ని ఎత్తి పెట్టుకున్న సైట్లూ బోలెడు. వాక్యం ఒకటే అయితే ఎన్ని చోట్ల ఉన్నా ఒక్క సాక్ష్యమే.

నమ్మకంతో పాటు ఆధార వాక్యం, పేజీ చిరునామా, ఏ మూస పట్టిందో, ఏ విడతలో చేరిందో తప్పక దాచండి. తొలినాళ్ల నెల్‌లో ఒకసారి నమ్మకంగా ఎక్కించినదాన్ని మళ్లీ దించేవారు కాదు. మీరు దించండి. ఒక మూస చెడ్డదని తేలిన రోజు, దాని ఒక్కదాని బలంతో ఎక్కినవన్నీ ఒకే ఆదేశంతో ఊహల్లోకి తిరిగి వెళ్లాలి. మూస పేరు దాచకపోతే ఇది కుదరదు, మొదటినుంచి మళ్లీ నడపాల్సి వస్తుంది.

పెద్ద భాషా నమూనాలు (చాట్‌జీపీటీ లాంటివి) ఉన్న ఈ రోజుల్లో మూసలెందుకని కొందరు అడుగుతున్నారు. వాడుకోండి, మంచిదే. ఒక వాక్యం ఇచ్చి "ఇందులో ఏ నది, దేనికి ఉపనది?" అని అడగండి. జవాబులోని పేర్లు ఆ వాక్యంలో ఉన్నాయో లేవో ప్రోగ్రాంతో సరిచూడండి. లేకపోతే ఆ జవాబు చెల్లదు. దాన్ని కూడా రెండో మూసలాగా ఒక సాక్షిగా లెక్కేయండి, తీర్పు మాత్రం దానికి వదలకండి. వాక్యం చూపించకుండా నేరుగా "మూసీ ఎక్కడ పుట్టింది?" అని అడిగితే అది చదివి నేర్చుకోవడం కాదు. పైగా ఏ మూసీ? వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టేది ఒకటి, ప్రకాశం జిల్లాలో ఇంకొకటి, ఇండోనేషియాలో సుమత్రా దీవిలో మరొకటి.

7. పది నిమిషాల పరిశీలన

ప్రతి రోజూ కొత్తగా ఎక్కిన నమ్మకాల్లో ఇరవై తెరిచి చూడండి. మీకు నచ్చినవి కాకుండా, ప్రోగ్రాం లాటరీలా తీసి ఇచ్చినవి చూడాలి. ఒక్కోదానికి పక్కన అవును, కాదు, తెలియదు అని మూడు గుర్తులు చాలు. కాదు అన్నదాన్ని తుడిచేసి ఊరుకోకండి. ఏ వర్గానికి చెందిందో ఆ వర్గంలో ఉదాహరణగా చేర్చండి. పాలు నది కాదు అనడం కన్నా పాలు తాగేది అని చెప్పడం ఎక్కువ పని చేస్తుంది. ఎందుకంటే మర్నాడు మజ్జిగ, కల్లు కూడా వాటంతట అవే ఆగిపోతాయి.

ఒక వారం సెలవు తీసుకోవాల్సి వస్తే ప్రోగ్రాంను చదవనివ్వండి, నమ్మకాల్లోకి ఎక్కించడం మాత్రం ఆపేయండి.

8. ఆగకుండా నడపండి, తేదీలు వేయండి

క్రాన్‌లో (చెప్పిన వేళకు ప్రోగ్రాంలను నడిపే సాధనం) రాత్రి ఒక పని పెట్టండి: ఫీడ్లు చదవడం, వికీపీడియా "ఇటీవలి మార్పులు" చూసి మారిన పేజీలు మాత్రమే తీసుకోవడం, కొత్త వాక్యాల మీద ఒక విడత నడపడం. మూసలు నేర్చుకునే భాగాన్ని వారానికొకసారి నడిపితే చాలు. రోజూ నడిపితే తప్పులు మీరు చూసేలోపే పాకిపోతాయి.

నిజాలు కూడా మారతాయి. 2014 జూన్ 2కు ముందు రాసిన పేజీలో వరంగల్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంటుంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ రోజుకు ముందు రాసినవాళ్లకు పుట్టపర్తి అనంతపురం జిల్లా ఊరు. ఇందులో ఎవరి మాటా అబద్ధం కాదు. ఊరికి ఒకే జిల్లా అనే నియమం పెట్టుకున్న ప్రోగ్రాం మాత్రం ఇక్కడ తికమకపడి సరైనదాన్నే కొట్టేస్తుంది, ఎందుకంటే పాత పేజీలే ఎక్కువ. కాబట్టి ప్రతి నమ్మకానికి "ఎప్పటినుంచి", "ఎప్పటిదాకా" అనే రెండు గళ్లు పెట్టండి. పేజీ రాసిన తేదీ తెలిస్తే అది వేయండి. రెండు విలువలు తలపడినప్పుడు ఓట్లు లెక్కపెట్టకుండా తేదీలు చూడండి. నది పుట్టుక లాంటి మారనివాటికి మాత్రం ఓట్లే లెక్క.

సరిగ్గా నడుస్తోందా? ఇలా చూడండి

నెలాఖరున ఒక్కో వర్గం నుంచి యాభై నమ్మకాలు లాటరీ పద్ధతిలో తీసి చేత్తో సరిచూడండి. 45 సరైనవైతే 90 శాతం. యాభయ్యే చూశారు కాబట్టి అసలు విలువ దానికి అటూ ఇటూ ఎనిమిది దాకా ఉండొచ్చు. గత నెల 92, ఈ నెల 88 వస్తే కంగారు పడొద్దు. 92 నుంచి 76కు పడితే అదే రోజు ఆపేయండి.

మొత్తం శాతం ఒక్కటే చూడకండి. మొదటి వారంలో చేరినవి, చివరి వారంలో చేరినవి విడివిడిగా చూడండి. నెల్ 74 శాతం వెనుక 57 దాక్కున్నట్టే మీ మంచి అంకె వెనుక కూడా చెడ్డ వారం దాక్కోవచ్చు.

ఎన్ని వదిలేసిందో కూడా చూడాలి. మీకు తెలిసిన ముప్పై నదుల పేర్లు ముందే కాగితం మీద రాసి, ప్రోగ్రాంకు చూపించకుండా దాచండి. నెల తర్వాత వాటిలో ఎన్ని దానంతట అది కనుక్కుందో లెక్కపెట్టండి. తప్పులు లేకుండా నాలుగే నదులు తెచ్చే ప్రోగ్రాం వల్ల మీకు ఉపయోగం లేదు. అలా అయితే ఆరో మెట్టులో రెండు సైట్ల షరతును నదుల వరకు ఒక సైటుకు తగ్గించి ఇంకో వారం చూడండి. శాతం నిలబడితే అలాగే ఉంచండి, పడితే మళ్లీ రెండుకు పెంచి, ఫీడ్ల జాబితాలో ఇంకో రెండు సైట్లు చేర్చండి.

కొత్త వర్గం చేర్చాలనిపిస్తే రెండు నెలలు వరుసగా 85 దాటాకే చేర్చండి. నదుల తర్వాత ప్రాజెక్టులు, ఆనకట్టలు తీసుకుంటే మంచిది. ఏ నది మీద కట్టారు అనే సంబంధం మీరు ఇప్పటికే నేర్పిన నదులనే వాడుకుంటుంది, దాంతో పాత జాబితాలో మిగిలిన తప్పులు కూడా బయటపడతాయి.